నా పేరిట కూలే ఇల్లు

అరవకక్కా! బయట తుపాకులవాళ్ళున్నారు, గవర్నరుగారిని ఎవరో చంపేస్తున్నారనుకుని మీద పడతారు. కూర్చో. చెప్పులు విప్పక్కర్లేదులే, తివాచీ నాదా ఏమన్నా?

చూశాను తల్లీ, చూశాను. నీ గేటుకి అంటించిన కాగితమే కదా! రోడ్డు వెడల్పు చేస్తారట, ఇల్లు కూల్చేస్తారట, కింద 'గవర్నరు పేరిట, వారి ఉత్తర్వు మేరకు' అని. ఆ గవర్నరు నీ తమ్ముడే. కానీ ఉత్తర్వు నాది కాదు.

అట్లా చూడకు. విను.

ఇక్కడ వీధి కుళాయి వెయ్యాలన్నా, పెద్ద ఆఫీసరుని బదిలీ చెయ్యాలన్నా నా పేరిటే. తేల్చేది మాత్రం ముఖ్యమంత్రీ, ఆయన మంత్రులూను. రోడ్ల మంత్రి ఊఁ అన్నాడు, కార్యదర్శి సంతకం గీకాడు, అంతే. వంట వాళ్ళది, వడ్డన వాళ్ళది, ఉప్పెక్కువైతే తిట్లు నాకు.

ఆ ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయించింది నువ్వే కదరా అంటావా? నేనే. చదివించాను, చప్పట్లు కొట్టాను. ఆ పూటతో నా పెత్తనం సరి.

ఏంటీ, ఒక్క మాటైనా అడిగావా అనా?

అదే... అదే చెప్పలేక నీ ఫోను ఎత్తలేదు.

నాకో చిన్న హక్కుందక్కా. ఒక్క మంత్రి సొంతంగా తేల్చేసిన సంగతిని, మంత్రులంతా కలిసి చూడండయ్యా అని పంపొచ్చు. పంపాను. ఎంత పొంగిపోయాననుకున్నావు! నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళినదానికి ఈమాత్రం చెయ్యలేనా అనుకున్నాను.

కూర్చున్నారు. టీలు తాగారు. 'గవర్నరుగారి మాట శిరోధార్యం, క్షుణ్ణంగా చూశాం' అన్నారు. అదే రోడ్డు. అదే ఇల్లు.

ఇంతకుముందైతే ఒక్క మంత్రి మాట. వాడు మారితే మారేదేమో, ఎవరి కాళ్ళో పట్టుకుంటే ఆగేదేమో. ఇప్పుడు మంత్రివర్గమంతా ముద్ర కొట్టింది. ఇక ఎవడు కదుపుతాడు? కన్నం పూడుద్దామని వెళ్ళి గోడే తోసేశాను.

ఏడవకక్కా. తిట్టు, ఫర్వాలేదు. ఏడవకు.

మేడ మీద నా గది అలాగే ఉంచావట కదా, వారం వారం దులుపుతున్నావట. బావగారు చెప్పారు. ఈ పదవి దిగాక అక్కడికే వద్దామనుకున్నాను. కిటికీ పక్కన కుర్చీ, కింద నుంచి నీ కేకలు. ఇంకేం కావాలి నాకు?

సర్లే. ఈ భవంతిలో ఇన్ని గదులున్నాయి, ఒక్కదాంట్లో నిన్ను ఉంచుకోవాలన్నా ఎవరికో రాయాలి.

గొంతు ఎండిపోయిందా? ఉండు, గంట కొడతాను, మంచినీళ్ళు తెస్తారు. దానికి మాత్రం నా మాట చాలు.