నలభై ఒకటో పేజీ

జర్మనీలో హార్మ్‌సెన్ వాళ్ల కమతానికి ఆ ఆదివారంతో మూడు వందల ఏళ్లు నిండుతాయి. ఆ ఇంటి చిన్నకొడుకు, రిటైరైన బడిపంతులు, దాని చరిత్ర రాసి, అచ్చుకిచ్చే ముందు వదినగారికి చూపించాడు. ఆవిడ బంగాళాదుంపల చెక్కు తీయడం ఆపి, మొత్తం చదివింది.

“పందొమ్మిది వందల పదకొండులో కొన్న గుర్రానికి కూడా పేరు రాశావు. మరి నేనెక్కడయ్యా?”

“నలభై ఒకటో పేజీలో వదినా. ‘యుద్ధం అయ్యాక తూర్పున ఉన్న సైలీషియా నుంచి వచ్చిన పదకొండుమంది కాందిశీకులకు అటక మీద చోటిచ్చారు.’”

“ఆ పదకొండుమందిలో ఒకదాన్నా?”

“అవును కదా.”

“మీ అన్నను చేసుకున్నాను. ఆయన పోయాక ఇరవై రెండేళ్లు ఈ కమతం నడిపాను. అదేదీ?”

“‘పందొమ్మిది వందల అరవై నాలుగు తర్వాత కూడా సాగుబడి కొనసాగింది’ అని రాశాను.”

“దానంతటదే కొనసాగిందా? ఆవులు వాటి పాలు అవే పితుక్కున్నాయా?”

“ఇది వంశచరిత్ర వదినా. మా అమ్మ ఉంటే...”

“మీ అమ్మ పోయేదాకా నన్ను ‘ఆ కాందిశీకురాలు’ అనే పిలిచింది. ఆవిడ మంచాన పడ్డ మూడేళ్లూ సూపు తాగించింది ఎవరు?”

పంతులు కలం తీశాడు.

“ఇప్పుడేం రాయమంటారు? రేపే అచ్చు.”

“నా పేరు రాయి.”

“హెడ్విగ్... పుట్టింటి పేరేమిటి?”

“నలభై ఏళ్లు నా చేతి వంట తిని ఇప్పుడడుగుతున్నావా? కుషెల్.”

ఆయన రాసుకుని, తప్పు దొర్లకుండా పైకి చదివాడు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఇంకొకరి నోట తన పుట్టింటి పేరు ఆవిడ వినడం అదే మొదటిసారి.