స్విచ్ మీద టేపు

రేడియోలు, టార్చిలైట్లు బాగుచేసే కొట్టు అది. ఒక పెద్దావిడ సంచీలోంచి టార్చి తీసి మెకానిక్ ముందు పెట్టింది.

“ఏడాదిలో మూడు జతల బ్యాటరీలు మింగేసింది నాయనా. నేను ఒక్కసారి వెలిగిస్తే ఒట్టు.”

“స్విచ్ మీద ఈ టేపేంటమ్మా?”

“మా కోడలు నాకు తెలీకుండా వాడేస్తోందేమోనని అంటించా.”

“టేపు చెక్కుచెదరలేదుగా?”

“తీసి మళ్ళీ అంటించి ఉంటుంది. అసాధ్యురాలు.”

“ఎవరూ వాడక్కర్లేదమ్మా. ఇది పాత టార్చిల్లా జరిపే స్విచ్ కాదు, నొక్కే బటన్. మీరెప్పుడు నొక్కుతారా అని లోపల చిన్న సర్క్యూట్ కాచుకుని కూర్చుంటుంది. ఆపేసినా సరే, అది కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది.”

“అంటే దొంగ ఇందులోనే ఉందా?”

“వాడనప్పుడు బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి, చాలు.”

“అయ్యో, ఏడాదిగా కనిపించినవాళ్ళందరి దగ్గరా ఆ పిల్లని ఆడిపోసుకున్నానే.”

“ఇప్పుడు తెలిసిందిగా. ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పండి.”

“సాయంత్రం టార్చి కోసం తననే పంపిస్తా. ఈ సంగతంతా నువ్వే చెప్పు.”

“మీరు చెప్పొచ్చుగా?”

“నేను చెబితే తప్పొప్పుకున్నట్టుంటుంది. అన్నట్టు, ముందు ఆ టేపు పీకెయ్ నాయనా. తను ఇంకా చూసినట్టు లేదు.”