అటక కింద పాట

ఇంటి పైకప్పు కింద ఇరుకు అటక. మోకాళ్ళ మీద మామగారు, వెల్లకిలా పడుకుని అల్లుడు, ఇద్దరి మధ్యా మొలకల ట్రేలు. తెరిచి ఉంచిన అటక మూతలోంచి, కింద బాత్రూంలో అమ్మాయి పాడుతున్న పాట.

"తల, తల! చెప్తూనే ఉన్నా, వంచండి మామయ్యా."

"వంచే ఉంచానయ్యా. ఇంతకన్నా వంచితే మళ్ళీ నిటారుగా లేవను. ఈ దూలం నన్ను గుర్తుపట్టినట్టుంది, వచ్చిన ప్రతిసారీ పలకరిస్తోంది."

"ఆ వెండిరంగు షీటు అంచు పట్టుకోండి. లాగండి. ఇంకాస్త... చాలు, చాలు. ఇప్పుడు లైటు వేస్తా, చూడండి."

"అబ్బో! అటకలోకి సూర్యుణ్ణి తెచ్చి కట్టేశావే!"

"ఈ మొలకలు చూశారా? నిన్న ఇంత లేవు. హోటలువాళ్ళకి ఇలాంటి లేత ఆకులే కావాలిట. ఒకసారి మొదలైతే కోసినకొద్దీ కోతే."

"మొలకల్నీ చూశాను, నిన్నూ చూశాను. ఫ్యాక్టరీ మూసేశాక నీ పళ్ళు కనిపించడం ఇదే మొదలు."

"పోనిద్దురూ."

"అది కూడా ఒకసారి పైకొచ్చి చూస్తే..."

"మీ అమ్మాయా? రాదుట. అటకలో వ్యవసాయం చేసే మొగుడి గురించి స్నేహితురాళ్ళకి ఏం చెప్పుకోవాలి అంటోంది."

"అది తలనొప్పి చిరాకులే. నిన్నటినుంచి వదల్లేదు దానికి. పొద్దున్న టిఫిను కూడా ముట్టుకోలేదు."

"తలనొప్పి కాదు మామయ్యా, నామీద కోపం. కోపానికి తలనొప్పని పేరు పెట్టుకుంది."

"ఏమో. పొద్దున్న స్నానం చేసొచ్చాక నాకూ కళ్ళు తిరిగాయి. మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయా. మరి నాకెవరి మీద కోపం?"

"మీది వయసు."

"నేనూ అదే అనుకుని ఊరుకున్నా. అవునుగానీ, బాత్రూం గడియ సంగతేం చేశావు? మరలు చేత్తో పట్టుకుని నీ వెనకాల తిరుగుతోంది పాపం."

"చేస్తా."

"ఎప్పుడు?"

"చేస్తానన్నాగా. ముందు ఈ లైట్లు కానివ్వండి. అయినా పాడుతూనే ఉందిగా, ఎవరెళ్తారు లోపలికి?"

"పాడక ఏం చేస్తుంది? మీ అత్తయ్య పెట్టిన రూలు అది. గడియ పడదు కాబట్టి లోపల ఉన్నంతసేపూ పాడుతూ ఉండాలి. పాట ఆగిందంటే గది ఖాళీ అని లెక్క. నా పాటకి పక్కింటి కుక్క ఏడ్చేది. మీ అత్తయ్య మాత్రం వంటింట్లోంచి 'రెండో చరణం మర్చిపోయారు' అనేది."

"పొద్దున్న విన్నా మీ పాట. ఆ కుక్కని ఏమీ అనలేం."

"నవ్వు, నవ్వు. నువ్వు నవ్వుతుంటే బావుంది."

"ఇదిగో, ఈ సందు కూడా మూసేస్తే సరి. ఇంక చలిగాలన్న మాట ఉండదు. చీమ ఊపిరి కూడా దూరదు లోపలికి."

"అంత బిగించాలా?"

"వేడి నిలవొద్దూ? కాస్త అటు జరగండి, అక్కడ రెండో అర పెడదాం."

"ఆగాగు. ఇక్కడ గొట్టం ఒకటి ఉండాలే? అడ్డంగా. మొన్నటిదాకా నా నెత్తికి తగిలేది."

"అదా... అది లేదిప్పుడు."

"లేకపోవడమేంటి?"

"చోటెక్కడుంది మామయ్యా ఇక్కడ? కూర్చుంటేనే కప్పు తగులుతుంది. దానికితోడు అదొకటి అడ్డం. తీసేశా."

"తీసేశావా?"

"మీరేగా అన్నారు! పాత కట్టెల బాయిలర్ గొట్టం ఉంది, దేనికీ పనికిరాదు, పీకి పారెయ్యమని."

"అన్నాను. అన్నాను కానీ నేనన్నది... పాట ఆగింది."

"ఆగితే స్నానం అయిందన్నమాట. టీ పెడుతుంది, దిగుదాం. ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వండి."

"ఎప్పుడు తీశావయ్యా ఆ గొట్టం?"

"మొన్న సాయంత్రం. రంపంతో కోసేశా."

"మరి కింద మిగిలిన ముక్క? దాని మూతి?"

"గుడ్డలు కుక్కి, పైన టేపు చుట్టి, దానిమీద షీటు పరిచా. మీ మోకాలి కిందే ఉంది. చెప్పాగా, చీమ ఊపిరి కూడా..."

"కట్టెల బాయిలర్ గొట్టం ఇది కాదు. అదిగో, నీ వెనకాల, ఆ మూలన తుప్పుపట్టి ఉందే, అదీ."

"మరైతే ఇదేంటి?"

"మనం కూర్చున్నది ఏ గది మీద?"

"బాత్రూం మీద... ఏం?"

"గ్యాస్ గీజరు పొగ గొట్టం బాబూ అది."

"గీజరుదా? అవును, కింద అది సీలింగులోకి దూరడం రోజూ చూస్తూనే ఉన్నానే! నేను... నాకు తట్టనే లేదు."

"బిగించినవాడు గోడకి కన్నం చాలన్నాడు. మీ అత్తయ్య ఒప్పుకోలేదు, ఇంటి పైనుంచే పోవాలంది. మూతి మూస్తే ఆ విషపు గాలి గదిలోకే తిరిగొస్తుంది. దానికి వాసనుండదు, రంగుండదు. మనిషికి నిద్రొచ్చినట్టుంటుంది, అంతే."

"అంటే ఆ తలనొప్పి... మీ కళ్ళు తిరగడం..."

"ఉష్! మాట్లాడకు. విను."

"ఏం వినాలి? ఏమీ లేదు. పాట ఆగిపోయింది, బయటికొచ్చేసి ఉంటుంది మామయ్యా. వచ్చేసి ఉంటుంది."

"పాట ఆగింది. నీళ్ళు ఆగలేదు."

"ఏయ్! ఏయ్, పలుకూ! వినిపిస్తోందా!"

"అరవకు, దిగు! నన్ను తోసుకునైనా దిగు! చలిగా ఉందని కిటికీ కూడా మూసుకునుంటుంది. పరిగెత్తు!"

"మామయ్యా, తలుపు... తలుపు రావట్లేదు!"

"గడియ పెట్టుకుందా? బాగుచేశావా నువ్వు?"

"లేదు! నేను చెయ్యనే లేదు! వెనకాల ఏదో అడ్డం ఉంది."

"అడ్డం పడి ఉన్నది అమ్మాయే. గుద్దకు. భుజం ఆనించి మెల్లిగా నెట్టు. మెల్లిగా నాయనా."

"వస్తోంది... వచ్చింది!"

"ఊపిరి బిగపట్టు. చంకల కింద చేతులేసి లాగు. గీజరు నేను కట్టేస్తా. వరండాలోకి, వరండాలోకి! ఈ దుప్పటి కప్పు."

"కళ్ళు తెరవట్లేదు. ఏయ్, ఇటు చూడు. అటకంతా పీకేస్తా. ఒక్క ఆకు ఉంచను. గడియ ఇవాళే బిగిస్తా, ఇప్పుడే బిగిస్తా, నన్ను చూడు..."

"ఆ గడియ జోలికి మాత్రం వెళ్ళకు. జరుగు, దానికి గాలి తగలనీ. అంబులెన్సుకి చెప్పాను, బయల్దేరారు. తల్లీ... నాన్ననమ్మా. చిన్నీ, ఇటు చూడు."

"మామయ్యా! రెప్ప కదిలింది. కదిలింది కదూ?"

"కదిలింది. తల్లీ!"

"...నాన్నా?"

"ఆ. ఇక్కడే ఉన్నానమ్మా."

"ఇద్దరూ... లోపలికి వచ్చేశారేంటి?"

"నీ పాట ఆగిపోయిందమ్మా. అందుకే వచ్చాం."

"ఆపలేదే... ఇప్పుడు కూడా పాడుతున్నాగా."