ఒక్క టోపీ, పద్నాలుగు తలలు

నా ఈ పదవీ విరమణ సభలో అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీ చల్లారకముందే నేను ముగిస్తే బాగుండునని చూస్తున్న మిత్రులకు నమస్కారం.

మా ఆవిడ కోసం ఒక మాట: మేం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. ఈ ల్యాబులో మేం పద్నాలుగు మందిమి, దాని లైసెన్సు మాత్రం ఒక్కటే. ఒకసారికి ఒక్కరే వాడాలి. అందుకని నేనొక ఎర్ర ఉన్ని టోపీ తెచ్చి, అది ఎవరి తలమీదుంటే వాళ్లదే వంతని రూలు పెట్టాను. టోపీ నా సొరుగులో ఉండేది కాబట్టి అందరూ నా బల్ల దగ్గరికే వచ్చి "సార్, పది నిమిషాలు సార్" అని బతిమాలేవారు. నిజం చెప్పొద్దూ, నాకది బాగుండేది. (నవ్వులు) మండుటెండల్లో టోపీ పెట్టుకుని చెమటలు కక్కిన మన గణాంకాలాయన అదుగో, ఇప్పుడు నవ్వుతున్నాడు!

తర్వాత మన ల్యాబులో అందరికన్నా చిన్నదని మనం చిన్నమ్మాయి అని పిలుచుకునే ఆవిడ ఉచిత కంపైలర్ తెచ్చింది. ఇద్దరు పిల్లల తల్లయినా మనకింకా చిన్నమ్మాయే. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, పదిమందికీ పంచొచ్చు అని దాని లైసెన్సులోనే ఉంది. నదికి ఎంత వరదొస్తుందో లెక్కగట్టే నా ప్రోగ్రామును దాంతో నడిపితే ఒక్కోసారి ఒక్కో జవాబు. నిండు మీటింగులో "ఊరికే వచ్చేవి ఇలాగే ఉంటాయమ్మా" అన్నాను. మీరంతా తలలూపారు.

ఆ సాయంత్రం తను నా దగ్గరికొచ్చి, "సార్, కూడిక మొదలుపెట్టే ముందు ఈ మొత్తానికి సున్నా పెట్టడం మర్చిపోయారు. పాతది అడక్కుండానే పెట్టేస్తోంది, ఇది పెట్టదు, అక్కడ మిగిలున్న ఏదో అంకె మీదే కూడుతుంది" అంది మెల్లగా. చూస్తే నిజమే. పన్నెండేళ్లుగా నా తప్పును పాత కంపైలర్ కప్పిపుచ్చుతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడింది నేను. గుట్టుగా దిద్దుకుని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. తనూ ఎవరికీ చెప్పలేదు. నా మాట పట్టుకుని మీరు ఇంకో రెండేళ్లు టోపీ కోసం నిలబడ్డారు.

అమ్మా, తప్పు నాది. నిండు సభలో అన్న మాటను నిండు సభలోనే వెనక్కి తీసుకుంటున్నాను.

ఇవాళ పద్నాలుగు బల్లల మీదా ఆ ఉచిత కంపైలరే ఉంది. టోపీ లేకపోతే నా దగ్గరికెవరొస్తారని భయపడ్డాను కానీ, మీరు సందేహాలతో వస్తూనే ఉన్నారు. ఆ తృప్తి చాలు నాకు.

జ్ఞాపికగా ఏం కావాలంటే ఆ టోపీయే అడిగాను. నిన్న చిన్నమ్మాయి మా ఇంటి కంప్యూటర్లోనూ కంపైలర్ పెట్టి వెళ్లింది. ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు, మా ఆవిడది తప్ప. (నవ్వులు) ఇంటికెళ్లి కొత్త ప్రోగ్రాం రాస్తాను. ముందుగా సున్నా పెట్టి మొదలుపెడతాను. ఇన్నాళ్లూ నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.