మూడు అరలు, ఒకటే తాళం

వెబ్‌సైట్లు తయారుచేసే తమ్ముడు ఆఫీసు మెట్ల మీదికి వచ్చి అక్కకు ఫోన్ చేశాడు.

“కొంప ముంచానక్కా. వింటున్నావా?”

“వింటున్నా. చెప్పు.”

“మొన్న బావ మా ఆఫీసుకొచ్చాడు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? బావ అంటున్నా!”

“వినపడింది. ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు, అదే కదా. నీ మాటే ఎత్తలేదు. టీ తాగాడు. సన్నబడ్డావేంట్రా అన్నాడు. టైల్స్ షాపు వెబ్‌సైటు ఇక వేరేవాళ్ళు చూసుకుంటారట. ఫైళ్ళూ పాస్‌వర్డ్‌లూ అన్నీ ఇచ్చెయ్యమన్నాడు.”

“ఇచ్చావు.”

“ఆయన షాపు, ఆయన సైటు. ఏమని కాదంటాను? ఇచ్చేశా. పీడా పోయిందనుకున్నా కూడా.”

“మరింకేం.”

“అక్కా, బావకి తెలియకుండా నువ్వు తలదాచుకున్న ఆడవాళ్ళ హోమ్... దాని సైటు కూడా చేసింది నేనేగా.”

“ఆ. వార్డెనమ్మ చెప్తూ ఉండేది, మీ తమ్ముడు మంచోడని.”

“ఆ సైటూ, బావ షాపు సైటూ, ఇంకో డ్రైవింగ్ స్కూల్ సైటూ... మూడూ ఒకే డేటాబేసులో పెట్టా.”

“అంటే?”

“ఒక బీరువా అనుకో. మూడు అరలు. ఏ అర మీద ఆ పేరు రాసుంటుంది గానీ, బీరువాకి తాళం ఒకటే. నేను బావ చేతిలో పెట్టింది ఆ తాళం.”

“ఓహో.”

“హోమ్ అరలో ఏముంటాయో తెలుసా? ఎవరొచ్చారు, ఏ గది, ఎవరి పిల్లలు ఏ స్కూలు. బయట ఎక్కడా రాయని అడ్రస్సుతో సహా.”

“ఎందుకలా పెట్టావురా?”

“బద్ధకం. అన్నీ ఒకచోటుంటే చూసుకోవడం తేలికని. బుద్ధి గడ్డి తింది. విడగొడదాం, విడగొడదాం అనుకుంటూనే...”

“సర్లే. ఊపిరి తీసుకో.”

“సర్లే ఏంటి! ఇవాళ చూస్తే, మొన్న సాయంత్రమే ఎవరో తెరిచినట్టు కనపడుతోంది. నేరుగా హోమ్ అరే. షాపు అర ముట్టుకోను కూడా లేదు.”

“ఊఁ.”

“తిట్టవేంటక్కా? తిట్టు.”

“ఏమని తిట్టను.”

“గట్టిగా మాట్లాడు, సరిగ్గా వినపడట్లేదు.”

“ఇంతకంటే రాదు గొంతు.”

“సరే, బట్టలు సర్దుకో. బండి తీసుకుని వస్తున్నా. వార్డెనమ్మ ఫోనెత్తట్లేదు, నువ్వే వెళ్ళి చెప్పు. మిగతావాళ్ళని కూడా...”

“ఆవిడకి తెలుసు. వాళ్ళని వేరే చోటికి మారుస్తున్నారు.”

“తెలుసా? ఎలా తెలుసు?”

“తాళం మార్చావా నువ్వు?”

“మార్చా, చూసిన వెంటనే. మాట తప్పించకు. ఎలా తెలుసు?”

“నిన్న మధ్యాహ్నం వచ్చాడుగా.”

“ఎవరు? బావా? అక్కడికా?”

“గేటు దగ్గర నిలబడి పిలిచాడు. నన్నొక్కదాన్నే కాదు. చేతిలో కాగితాలు పట్టుకుని ఒక్కొక్కళ్ళ పేరే చదివాడు, వీధంతా వినపడేలా. ఈవిడ ఫలానా గదిలో ఉంది, వాళ్ళాయనకి ఫోన్ చెయ్యమంటారా అని. చంటిపిల్లతో ఉన్నావిడ మంచం కిందికి దూరింది.”

“అక్కా... పోలీసులకి...”

“చేశారు. వస్తామన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఇప్పుడు చెప్తున్నాగా.”

“తర్వాత? తర్వాతేమైంది?”

“నేను బయటికొస్తే చదవడం ఆపుతానన్నాడు.”

“వెళ్ళావా?”

“ఆపేశాడు.”

“వెళ్ళావా అంటున్నా!”

“అరవకు. మంచం కింద ఆ చంటిపిల్ల అప్పుడు ఒకటే ఏడుపు, ఎవరో ఒకళ్ళు వెళ్ళాలిగా.”

“అక్కా, నువ్విప్పుడు ఎక్కడున్నావు?”

“ఇంట్లో. మీ బావ స్నానానికెళ్ళాడు. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేశా, ఆయన లాప్‌టాప్ నా సంచిలో ఉంది. బండి హోమ్‌కి కాదు, మా వీధి చివరికి తీసుకురా.”