బన్నుల పక్కన డబ్బా

రండి, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. అక్కడ కాదండీ బాబూ, మళ్లీ ఆ ఓవెన్ పక్కనే చేరతారేం? ఇటు, ఈ పిండి బస్తా మీద. కాస్త ఫ్యాను గాలి తగలనివ్వండి. హమ్మయ్య!

పొద్దున ఏమన్నారు నన్ను? "నేను పనికిరాను, పుట్టింటికెళ్లి ఇంకో పెళ్లి చేసుకో" అని రిపోర్టు నా ఒళ్లో పడేసి బేకరీకి వచ్చేశారు. అబ్బో, ఎంత త్యాగమో! ఒక బ్రెడ్డు మాడితే ఇంకోటి తీసుకోవడమనుకున్నారా మొగుణ్ణి మార్చుకోవడమంటే?

నేను పుట్టింటికి వెళ్లలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రిపోర్టు చూసి, "వీర్యం శాంపిల్ ల్యాబుకి ఎలా తెచ్చారమ్మా?" అంది. నాకేం తెలుసు? ల్యాబుకి ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయికి బాగా గుర్తుందట. డబ్బా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమందట!

తల దించుకుంటే సరిపోదు, చెప్పండి. వెచ్చగా ఉంచమన్నారని ఓవెన్ నెత్తిమీద పెట్టారా లేదా? బన్నుల ట్రే పక్కన? ఆ వాయి దిగేదాకా?

ఆహా. అనుకున్నాను.

వెచ్చగా అంటే ఒంటి వెచ్చదనమండీ! చొక్కా లోపల పెట్టుకుని తిన్నగా ల్యాబుకి రమ్మని. అవేమన్నా బన్నులా, పొంగి రెట్టింపవడానికి?

మీ భాషలోనే చెప్తాను. పెళ్లైన కొత్తలో నేను సలసలా కాగే నీళ్లలో ఈస్టు కలిపితే ఏమన్నారు? "ప్రాణమున్నవాటిని ఉడకబెట్టి పొంగమంటే ఎలా పొంగుతాయే?" అని వీధంతా వినపడేలా అరిచారు. మరి ఇప్పుడు మీరు చేసిందేమిటో?

నవ్వొస్తే నవ్వండి. ఇక్కడ ఎవరూ లేరు.

అలాగని అబద్ధం చెప్పను. కౌంటు తక్కువే. అది డబ్బా ఎక్కడ పెట్టినా మారేది కాదట. ఒక్కటీ కదలట్లేదన్నారు చూడండి, అది మాత్రం మీ చేతి వంట. కౌంటు ఎందుకు తగ్గిందో మిమ్మల్ని చూస్తేగాని చెప్పలేనంది డాక్టరమ్మ. అక్కడి నరాలు ఉబ్బి ఉండొచ్చు. హార్మోన్లు కావచ్చు. వెనక సందులో దొంగచాటుగా కాల్చే సిగరెట్లూ కావచ్చు. ఆఁ, తెలుసు లెండి! ఈ వేడి కూడా కావచ్చు. దేవుడు ఆ సంచీని ఒంటి బయట వేలాడదీసిందే చల్లగా ఉండటానికట. మీరేమో పొద్దస్తమానం దాన్ని తీసుకెళ్లి ఓవెన్ తలుపు ఎదురుగా నిలబెడతారు!

కొత్తవి తయారవడానికి రెండు మూడు నెలలు పడుతుందట. అందాకా ట్రేలు తీసే పని మీ తమ్ముడికి ఇవ్వండి. వాడికి ముగ్గురున్నారు, ఇంక చాలు. తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి డబ్బా ల్యాబులోనే నింపండి.

అప్పటికీ కాకపోతేనా? ఆవిడ మాటివ్వలేదు. వేరే దారులున్నాయంది, అవి కుదరకపోవడమూ ఉందంది. కుదరకపోతే మనిద్దరమే. ఇప్పుడు మాత్రం ఎంతమందిమి ఉన్నాం?

ఏంటి, మగతనమా? మూడేళ్లుగా నాకు గుచ్చని సూది లేదు, నా లోపలికి తొంగిచూడని మిషను లేదు. నా ఆడతనం ఎక్కడికైనా పారిపోయిందా? మీ వంతు వచ్చిన మొదటిసారికే బోర్డు తిప్పేస్తే ఎలా?

ఇంకో సంగతి. కోప్పడకండి. కోప్పడినా చేసేదేం లేదు. మీ అమ్మకి చెప్పేశాను.

లేవకండి! కూర్చోండి.

కడుపు పండాలని రోజూ నా చేత గ్లాసుడు చేదు నీళ్లు తాగిస్తోంది కదా ఆవిడ? ఇందాక డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసరికి గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. నా నోరు ఆగలేదు. "అత్తయ్యా, ఇది తాగాల్సిన మనిషి బేకరీలో ఉన్నారు" అని మొత్తం చెప్పేశాను. ఆవిడ గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. ఆ గ్లాసు తీసుకెళ్లి భోజనాల బల్ల మీద మీ కుర్చీ ముందు పెట్టి, పైన మూత పెట్టింది.

దాంతో ఒరిగేదేమీ లేదంది డాక్టరమ్మ. నాకూ తెలుసు. అయినా తాగండి. మూడేళ్లు నేను తాగలేదూ?

లేవండి, ఆ ఓవెన్ ఆపండి. ఇంటికెళ్లి భోంచేయండి.

ముందు గ్లాసు, తర్వాతే అన్నం.