తాండ్ర కథ చివరి పొర

ఎనభై అయిదో సంవత్సరం మే నెల, ఆదివారం పొద్దున. నూజివీడు శాఖా గ్రంథాలయంలో పిల్లల కథల గంటకి ఇంకా అరగంట ఉంది. అరవై ఏడేళ్ళ సూర్యకాంతమ్మగారు ఇంట్లో గుడికని చెప్పి, తిన్నగా ఇక్కడికొచ్చి, గ్రంథపాలకుడు డేవిడ్ రాజు బల్ల ముందు కూర్చున్నారు. కూర్చున్న దగ్గర్నుంచీ ఆవిడ అడుగుతున్నది ఒక్కటే.

“ఒక్క ఆదివారం బాబూ. ఈ ఒక్క ఆదివారం కథ లేదని బోర్డు మీద రాసెయ్యి. నీకేం పోయింది?”

“కారణం ఏమని రాయమంటారు మామ్మగారూ?”

“ఏదో ఒకటి. గదికి చెదలు పట్టిందని రాయి.”

“లైబ్రరీకి చెదలు పట్టిందని నా చేత్తో నేనే రాసుకుంటే రేపీపాటికి జిల్లా ఆఫీసు నుంచి మనిషి దిగుతాడండీ.”

“అయితే నీకు జ్వరమని రాయి.”

“నాకు జ్వరమైతే జగదాంబగారు మా ఇంటికొచ్చి తాళాలు పట్టుకెళ్ళి ఆవిడే తలుపు తీస్తారు. మీ చెల్లెలి సంగతి మీకు తెలీదా?”

“దాని సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. చింతలపూడిలో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసింది. రిటైరయ్యాక అక్కడే ఉండొచ్చుగా? ఉండదు. వచ్చి సరిగ్గా మా ఇంటికి రెండు వీధుల అవతల గది తీసుకుంది. తీసుకుని ఊరుకుందా, ఆదివారం ఆదివారం ఇక్కడ కథలు. దీన్ని ఎవరు బొట్టుపెట్టి పిలిచారో నాకు తెలీదు.”

“నేనేనండీ పిలిచింది. పిల్లల బీరువా తాళం తుప్పు పట్టిపోయింది, తీసే దిక్కు లేక. ఇప్పుడు ఆదివారానికి అరవై మంది వస్తున్నారు. చాట్రాయి రోడ్డు తోటల్లో కాయలు కోసేవాళ్ళ పిల్లలు కూడా నడిచొస్తున్నారు. కథ విన్నవాళ్ళు పుస్తకం తీసుకోకుండా గడప దాటకూడదని ఆవిడ పెట్టిన షరతు. వారం వారం బీరువా సగం ఖాళీ అవుతోంది.”

“కానీ. మొత్తం ఖాళీ కానీ. నేను కాదన్నానా? ఇంకో కథ చెప్పుకోమను. ఆ కథ మాత్రం వద్దు.”

“ఏ కథండీ?”

“తాండ్ర కథ. ఇవాళ దాని చివర చెబుతుందట. అది మా అమ్మ కథ.”

“ఆవిడకీ అమ్మేగా అండీ.”

“అదే బాబూ నా ఖర్మ.”

“ఇక్కడ కార్డులు రాసుకుంటూ సగం సగం విన్నాను. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఏడాది పొడుగునా కాసే మామిడిచెట్టు టెంక కోసం కొండలెక్కి పోతుంటారు. అంతవరకు తెలుసు. తాండ్ర ఎక్కణ్ణించి వచ్చింది?”

“మా అమ్మ వేసవిలో రసాలు పిండి ఈత చాపల మీద తాండ్ర పోసేది. రోజుకొక పొర. నిన్నటి పొర ఎండాక దానిమీద ఇవాళ్టి పొర. పొరకొక ముక్క కథ. కాకులు వాలకుండా ఆ ఎండలో చాప దగ్గర కూర్చున్నందుకు మా ఇద్దరికీ అదే లంచం. ఆ ఏడు ఇరవై పొరలు పోసింది. నేను పద్ధెనిమిది విన్నాను.”

“మిగతా రెండూ?”

“పద్ధెనిమిదో పొర రోజున పెద్దమనిషినయ్యాను. మూల గదిలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి పెరడు కనిపిస్తూనే ఉంది. అమ్మ నోరు కదులుతోంది. ఇది పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మాట వినపడదు. నేను బయటికొచ్చేసరికి తాండ్ర కోసి డబ్బాలో పెట్టేశారు. కథ చివర దానికి చెప్పింది. నాకు చెప్పలేదు.”

“అడక్కపోయారా?”

“ఎందుకడగాలి? చెప్పాలనుంటే తనే చెబుతుంది. అడుక్కుంటే పెట్టేది ప్రేమా? రెండు నెలలు అదే ఇంట్లో తిరిగాను. ఆషాఢం దాటగానే కాపురానికి పంపేశారు. దాన్నేమో బళ్ళో వేశారు.”

“పోనీ ఇవాళ ఆవిడ చివర చెబితే మీకూ తెలుస్తుందిగా. వెనక బెంచీ మీద కూర్చుని వినండి.”

“నీకెలా చెప్పను. మా మనవరాలు భాగ్యం ఉంది చూడు—”

“తెలుసండీ, సౌభాగ్యలక్ష్మి. ఎప్పుడూ ముందు వరసే. మీరు హామీ సంతకం పెడితేనే కార్డిచ్చాను.”

“అమ్మ పేరే పెట్టుకున్నాం. మూడో ఏటి నుంచీ నా పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పాను దానికి. ఇప్పుడేమంటుందో తెలుసా? మామ్మా, నీకు చెప్పడం రాదు, చిన్నమామ్మయితే ఎలుగుబంటి వస్తే ఎలుగుబంటిలా నడుస్తుంది అంటుంది. ఈ మోకాళ్ళతో నేను ఎలుగుబంటిలా నడవగలనా? ముడి కూడా దానిలాగే చుట్టుకుంటోంది, పదకొండేళ్ళ పిల్ల. అన్నం దగ్గర చిన్నమామ్మ, నీళ్ళు పోసుకుంటుంటే చిన్నమామ్మ. నాకు కడుపు మండుతోంది బాబూ, దాచుకోవడమెందుకు.”

“పిల్లల ముచ్చటండీ, నాలుగు వారాలుంటుంది—”

“పూర్తిగా విను. దానికి చివర ఎప్పుడో చెప్పేశాను. మీ తాతమ్మ నాకు చెప్పిందని చెప్పాను.”

“మీకు తెలీదన్నారుగా?”

“కల్పించాను.”

“ఏమని?”

“ఆఖరి కొండ మీద చిన్నదానికి కాలు బెణుకుతుంది. పెద్దది దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోతుంది. చెట్టూ, కాయలూ, టెంకా అన్నీ పెద్దదానికే. చిన్నది అక్కడే కూర్చుని కూర్చుని రాయైపోతుంది.”

“చిన్నపిల్లకి అలా చెప్పారా?”

“ముందు మా అబ్బాయికి అలాగే చెప్పాను, తర్వాత దీనికి. చెప్పినప్పుడల్లా కాస్త చల్లగా ఉండేది నాకు. ఇవాళ మా చెల్లెలు అరవై మంది ముందు అసలు చివర చెబుతుంది. భాగ్యం లేచి, మా మామ్మ ఇలా చెప్పలేదే అంటుంది. ఉన్న ఒక్కగానొక్క మనవరాలి ముందు అబద్ధాలకోరునవుతాను. ఇక అది నా పక్కన కూర్చుంటుందా? అసలు నా మొహం చూస్తుందా?”

“మామ్మగారూ, కాస్త నెమ్మదిగా. ఆవిడ వచ్చేస్తున్నారు.”

జగదాంబగారు చేతిసంచి భుజానికి తగిలించుకుని లోపలికొచ్చి, అక్కని చూసి గుమ్మంలోనే ఆగారు.

“అక్కా. నువ్వేంటి ఇక్కడ? భాగ్యం ఏది?”

“వస్తుందిలే. నిన్ను చూడందే దానికి తెల్లారదుగా.”

“కాఫీ తాగావా?”

“తాగాను. నీతో మాట్లాడాలి.”

“నేనూ నీతో మాట్లాడాలి. మూడు రోజుల్నుంచి మీ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్తున్నా.”

“నా మాట ముందు. ఇవాళ ఆ చివర చెప్పకు.”

“నేను అవతల పేపర్లు సర్దుకుంటానండీ.”

“ఉండవయ్యా, నీకు తెలీంది ఏముంది. ఏమే, చెప్పకు. వద్దంటే వద్దు.”

“ఎందుకక్కా? నీదని చెప్పొద్దంటున్నావా?”

“నాదేంటి?”

“చివర. అమ్మ నీకు చెప్పింది, నువ్వు దాచుకున్నావు, నేను పదిమందిలో పెడుతున్నానని కోపమా?”

“ఏం మాట్లాడుతున్నావే? అమ్మ చెప్పింది నీకు. నేను మూల కూర్చుంటే చూసి మరీ చెప్పింది.”

“నాకు చెప్పలేదు.”

“కిటికీలోంచి చూశాను. నవ్వావు కూడా.”

“అది పందొమ్మిదో పొర. ఎలుగుబంటి ముక్కుకి తేనెపట్టు ఇరుక్కోవడం. దానికి నవ్వాను. మర్నాడు ఆఖరి పొర పోసి అమ్మ నోరు విప్పలేదు. గరిటె కడుక్కుని లేచిపోయింది. కొంగు పట్టుకుని అడిగితే, అక్క వచ్చాక చెబుతానంది.”

“ఏమంది?”

“పెద్దది లేకుండా ఆఖరి ముక్క చెప్పను. అది వచ్చి అడిగితే ఇద్దరికీ చెబుతాను అంది.”

“మళ్ళీ చెప్పు.”

“అది వచ్చి అడిగితే చెబుతాను అంది. అక్కా, ఏంటలా అయిపోయావు? మంచినీళ్ళు తెమ్మంటావా?”

“ఏం లేదు. ఎండలో నడిచొచ్చాను. తర్వాత?”

“తర్వాత నువ్వు బయటికొచ్చావు. నేను రోజూ కాచుకున్నా. నువ్వు అడగవు, అమ్మ చెప్పదు. నువ్వు కాపురానికి వెళ్ళే రోజున అమ్మ నిన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది. గంటసేపు. నేను తలుపవతలే కూర్చున్నా. అప్పుడే చెప్పేసింది నీకు.”

“ఆ గంటా...”

“ఆ గంట కోసం నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నీకు తెలీదు. నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పింఛను వచ్చింది. అందరూ అదృష్టవంతురాలినన్నారు. నాకు మాత్రం ఆ గంట రాలేదు. యాభై అయిదేళ్ళు కుళ్ళుకున్నాను అక్కా నీ మీద.”

“నువ్వు? నా మీద?”

“నవ్వుకో.”

“నాకు నవ్వు రావడం లేదు. మరి చివర తెలీని కథని తెచ్చి ఇక్కడెందుకు మొదలుపెట్టావు?”

“భాగ్యం కోసం. నిన్ను అడుగుదామంటే నోరు రాదు. నువ్వు మనవరాలికి చెప్పే ఉంటావు, కథ చివరికొచ్చేసరికి పిల్ల ఆగలేక అదే బయటపెడుతుంది అనుకున్నా. సిగ్గుమాలిన పనే. ముడి చుట్టడం నేర్పిందీ, ఎలుగుబంటిలా నడిచిందీ అందుకే. పోయిన ఆదివారం అందరూ వెళ్ళాక ఆ బీరువా పక్కన నిలబడి చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“నీకు తెలిసిందేగా. చిన్నది కొండమీద రాయైపోవడం.”

“జగదా—”

“నన్ను చెప్పనీ. ఇంటికెళ్ళి ఏడ్చాను. ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ నాకెందుకు చెప్పలేదో తెలిసింది. నిన్ను వదిలేసి అక్క వెళ్ళిపోతుంది, అన్నీ అక్కకే అని తొమ్మిదేళ్ళ పిల్లకి ఎలా చెబుతుంది? అమ్మ మనసులో ఉన్నది అదన్నమాట. పోనీలే. ఎలాంటిదైనా అమ్మ మాట, ఇన్నాళ్ళకి నా చెవిన పడింది. ఇవాళ అదే చెబుతాను, ఒక్క అక్షరం మార్చను. ఆ మాట ముందు నీకు చెప్పి, తర్వాత పిల్లలకి చెబుదామనే మీ వీధి చుట్టూ తిరిగాను.”

“జగదాంబగారూ, అసలు ఆ చివర—”

“నువ్వుండు బాబూ. నేను చెబుతాను.”

“ఏంటక్కా? ఏంటాయన అంటున్నది?”

“రాయైపోయిందంటే కథ అయిపోయిందని ఎవరన్నారే? భాగ్యానికి మధ్యాహ్నం పూట చెప్పాను. అక్కడిదాకా విని నిద్రపోయింది. తర్వాత అది అడగలేదు, నేను చెప్పలేదు. మన ఇంట్లో అందరిదీ అదే రోగం.”

“ఇంకా ఉందా?”

“ఉండకేం. పెద్దది చెట్టు దగ్గరికి చేరుతుంది. చెట్టు నిండా కాయలే. ఒకటి కోసుకు తింటుంది. ఇంకోటి తింటుంది. పక్కన వాటా అడిగేవాళ్ళు లేరు, పెద్ద ముక్క నాకంటే నాకని లాక్కునేవాళ్ళు లేరు. రుచి తెలీదు దానికి. టెంక అక్కడే పారేసి మళ్ళీ కొండెక్కుతుంది. అప్పటికి దానికీ ముసలితనం వచ్చేస్తుంది. మోకాళ్ళు నొప్పులు. ఎలాగో పైకొచ్చి, రాయి పక్కన కూలబడి, లేవవే, అడగడానికే నాకిన్నాళ్ళు పట్టింది, లేవవే అంటుంది.”

“లేస్తుందా?”

“లేవకేం చేస్తుంది. లేచి, ఇంత ఆలస్యం చేశావేంటే అని పోట్లాడుతుంది.”

“అమ్మ అలాగే చెప్పిందా? ఆ గదిలో? నిజంగా?”

“అలాగే చెప్పింది. కావాలంటే ఆయన్ని అడుగు. నువ్వు రాకముందు ఆయనకీ ఇదే చెప్పాను.”

“అవునండీ జగదాంబగారూ. పెద్దది వెనక్కి వచ్చిందనే చెప్పారు.”